మద్యపానము - లోకాచారము - మనోనిశ్చయము



మద్యపానమును గూర్చి మాటలాడునపుడు లోకములో రెండు విధములైన అభిప్రాయములు వినవచ్చుచుండును. "అది వాడి బుద్ధి. మనసు గట్టిదైతే ఎందుకు తాగుతాడు?" అనునది మొదటిది. "వీధికొక దుకాణం పెట్టి తాగవద్దంటే ఎవరు వింటారు? తప్పంతా లోకానిదే" అనునది రెండవది. మొదటి మాట పలుకువారు మనిషి నొక్కనినే దోషిగా నిలబెట్టుదురు. రెండవ మాట పలుకువారు ఆ మనిషిని పూర్తిగా విడిచిపెట్టుదురు. ఈ రెండును సగము సత్యములు మాత్రమే.

ఈ వ్యాసములో మేము మనవి చేయదలచినది ఇంతే. త్రాగుడు వ్యసనముగా ముదురుటకు ఇల్లును, ఊరును దానికిచ్చు అనుమతి ఒక కారణము. త్రాగువాడు తనకు తాను చెప్పుకొను సమాధానములు మరియొక కారణము. ఈ రెండును పెనవేసికొని యుండును గావున మాన్పించునపుడును రెంటిని కలిపియే సవరింపవలెను. ఒకదానిని విడిచి మరియొకదానిని పట్టుకొన్నచో కలిగిన మేలు నిలువదు. మన ఇతిహాసమును, మన దీక్షాచారమును, మన రాష్ట్ర చరిత్రయు ఈ విషయమునే బోధించుచున్నవి.

ద్వారకలో చాటింపు

మహాభారతములోని మౌసల పర్వము చిన్నది. దానిని పదమూడవ శతాబ్దిలో మన తెలుగున పలికినవాడు నెల్లూరి మనుమసిద్ధి కొలువులోని తిక్కన సోమయాజి. యాదవ కులము నశించిన విధము అందు చెప్పబడినది. మునుల శాపము, ముసలము పుట్టుట, దానిని పొడిచేసి సముద్రమున కలుపుట అందరెరిగిన కథయే. అయితే ఆ తరువాత జరిగిన యొక సంగతిని మనము తరచుగా గమనింపము. శాపమునకు భయపడి ద్వారకా నగరములో నొక చాటింపు వేయించిరి. నాటినుండి ఎవ్వరును ఇంట మద్యము కాచరాదు. కాచినవారికి బంధువులతో గూడ కొఱత శిక్ష. ఆహుకుని, శ్రీకృష్ణుని, బలరాముని, బభ్రువుని ఆజ్ఞగా ఆ చాటింపు వెలువడెను. రాజభయముచేత ప్రజలందరును దానికి లోబడిరి.

పిదప యాదవులు తీర్థయాత్రకై ప్రభాసమునకు తరలిపోయిరి. అచ్చట పానము మొదలయ్యెను. ఎవరు త్రాగిరని వ్యాసభగవానుడు పేరుపేరున చెప్పియున్నాడు. శ్రీకృష్ణుని సన్నిధిలోనే బలరాముడు, కృతవర్మ, సాత్యకి, గదుడు, బభ్రువు త్రాగిరి. త్రాగిన మీదట సాత్యకి నిద్రించువారిని చంపినవాడవని కృతవర్మను పరిహసించెను. కృతవర్మ భూరిశ్రవుని వధను ఎత్తిపొడిచెను. మాట మీద మాట పెరిగి సాత్యకి కృతవర్మ శిరస్సును తెగవేసెను. ఆపైన అయినవారు అయినవారినే పొడుచుకొని కూలిరి.

అవతార పురుషుల లీలలను తూచుటకు మనకు అధికారము లేదు. అది కాలస్వరూపుని సంకల్పము. కాని ఇతిహాసము మన కొఱకు చెప్పబడినది గనుక మనకు వలసిన పాఠమును మనము గ్రహింపవలెను. ద్వారకలో శాసనమున్నది, శిక్షయున్నది, భయమున్నది. అయినను నగరపు పొలిమేర దాటి, పండుగవంటి సందర్భమొకటి ఏర్పడి, ఎవరి పేర చాటింపు వేయబడినదో వారిలోని పెద్దలే పానపాత్ర పట్టునప్పటికి ఆ శాసనము గాలిలో కలిసిపోయెను. చట్టము చెవిలో పడును గాని, పెద్దల నడవడి కంటికి కనబడును. శ్రేష్ఠుడు నడచిన త్రోవనే లోకము నడచునని గీత మూడవ అధ్యాయములో భగవానుడు అర్జునునికి చెప్పినది ఇందుకే గదా!

వ్రాయబడని చట్టము

ప్రతి ఊరికిని వ్రాయబడని చట్టమొకటి కలదు. ఎప్పుడు త్రాగవచ్చును, ఎవరితో త్రాగవచ్చును, ఎంత త్రాగిన మర్యాద, ఎంత త్రాగిన తప్పు అని ఆ చట్టము నిర్ణయించును. దానిని ఎవరును బిగ్గరగా చదువరు. పిల్లలు చూచి నేర్చుకొందురు.

నేడు మన ఇండ్లలో ఆ చట్టము ఎట్లున్నదో చూడుడు. పెండ్లి జరిగినను, కొడుకు పుట్టినను, క్రొత్త బండి కొన్నను, ఇంటికి స్లాబు వేసినను "దావత్ ఎప్పుడు?" అని అడుగుచున్నారు. చావు జరిగిన ఇంట దినకర్మ నాడును సీసాలు తెప్పింపక తప్పని ఊళ్ళు కలవు. ఎన్నికలు వచ్చినచో చెప్పనే యక్కరలేదు. మందు పోయని పెండ్లివారిని గూర్చి "ఏం మర్యాద చేశారు?" అని చెవులు కొరుకుకొందురు. అప్పుచేసియైనను పోసినవానిని పెద్దమనిషి అందురు. పది పండ్రెండేండ్ల బాలుని పిలిచి సోడాయు, ఐసుముక్కలును, నంజుకొనుటకు కారపు పప్పులును తెమ్మని తండ్రియే పంపుచున్నాడు. ఆ బాలుని నాలుకకు ఇంకను మద్యము రుచి తెలియదు. కాని అది పెద్దరికమునకు గుర్తు అను భావము వాని మనస్సులో నాటుకొని పోయినది.

ఇందులో మరియొక విపరీతము కలదు. విందులో "ఇంకొక్కటి పుచ్చుకో, నా మీద ఒట్టు" అని బలవంతముగా పోసినవారే, ఆ మనిషి పది సంవత్సరములకు రోడ్డు ప్రక్కన పడిపోయినపుడు "తాగుబోతు వెధవ" అని నవ్వుదురు. పోసిన చేతికి మర్యాదస్థుడని పేరు వచ్చినది, పడిన దేహమునకు మాత్రము నింద వచ్చినది. త్రాగుడును గౌరవించి, త్రాగి చెడినవానిని అసహ్యించుకొను సంఘములో రోగము పెరుగుటకు తావున్నది గాని తగ్గుటకు త్రోవలేదు. ఎందువలననగా తన బాధను నోరువిప్పి చెప్పుకొనుటకు ఆ మనిషికి చోటుండదు.

"ఈ రోజుల్లో తాగనివాడెవడు?" అను మాట తరచు వినుచుందుము. ఇది నిజము కాదు. 2019-21 సంవత్సరములలో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము 15 సంవత్సరములు పైబడిన పురుషులలో మద్యము సేవించువారు దేశమంతటను నూటికి 18.8 మంది, ఆంధ్రప్రదేశ్‌లో 23.3 మంది, తెలంగాణలో 43.3 మంది. తెలంగాణ సంఖ్య మిక్కిలి ఆందోళన కలిగించునదే. అయినను అచ్చటకూడ సగమునకు మించిన పురుషులు త్రాగనివారే. ఆంధ్రప్రదేశ్‌లో నలుగురిలో ముగ్గురు త్రాగనివారు. మరి "అందరును" అను భ్రమ ఎట్లు కలిగినది? త్రాగువారు గుంపుగా కూడి, కేకలు వేయుచు, నలుగురి కంట పడుచుందురు. త్రాగనివాడు పని ముగించుకొని ఇంటికి పోయి అన్నము తిని పరుండును. వానిని లెక్కించువారెవరు? లోకమంతయు త్రాగుచున్నదని నమ్మిన యువకుడు లేని లోకముతో సమానమగుటకై తన పాత్ర నింపుకొనును. ఈ భ్రమను పోగొట్టుటయే యువకులకు మనము చేయదగిన మొదటి ఉపకారము.

ఇట్టిదే మరియొక భ్రమ. "మావాడు ఎంత తాగినా తొణకడు, ఇనుప పిండం" అని మెచ్చుకొనుట కలదు. వైద్యులు దీనినే ప్రమాద సూచనగా చెప్పుచున్నారు. పూర్వము రెండు గ్లాసులకు ఎక్కిన మత్తు ఇప్పుడు ఆరు గ్లాసులకుగాని ఎక్కుటలేదనగా దేహము ఆ విషమునకు అలవాటుపడినదని అర్థము. వ్యసనము వ్రేళ్ళూనుచున్నదనుటకు అది యొక గుర్తు. రోగలక్షణమును మనము బిరుదుగా కట్టబెట్టుచున్నాము!

త్రాగి భార్యను కొట్టినవానిని గూర్చి "పాపం, మత్తులో ఉన్నాడు, వాడికేం తెలుసు" అనుట మూడవ భ్రమ. 1969లో అమెరికా దేశమున క్రెయిగ్ మెక్ఆండ్రూ, రాబర్ట్ ఎడ్జర్టన్ అను పండితులు వివిధ జాతుల ప్రజలు మత్తులో ప్రవర్తించు తీరులను పరిశీలించి యొక గ్రంథము వెలువరించిరి. అదే మద్యము కొన్ని సంఘములలో కలహము పుట్టించుచున్నది, మరికొన్నిట పుట్టించుట లేదు. మత్తులో ఎట్లు ప్రవర్తింపవచ్చునని సంఘము నేర్పునో మనుష్యులు చాలమట్టుకు అట్లే ప్రవర్తింతురని వారు నిరూపింపజూచిరి. మనకు దీనికై దూరదేశపు సాక్ష్యముతో పనిలేదు. మత్తులో ఒడలెరుగనని చెప్పువాడు పోలీసువానిని కొట్టడు, యజమానిని తిట్టడు, ఇంటికి వచ్చియే చేయి ఎత్తుచున్నాడు. ఎచ్చట చెల్లునో వానికి బాగుగా తెలియును. "మత్తులో చేశాడు" అను క్షమాపణ మనము ఇచ్చినంతకాలము వాడు దానిని వాడుకొనుచునే యుండును.

గ్రామదేవతల కొలువులలో కల్లుసాక పోయు ఆచారము తాతముత్తాతల నాటిది. దానిని నిందించుట మా ఉద్దేశము కాదు. అమ్మవారి యెదుట సాక పోయుటకు ఒక దినము, ఒక చోటు, ఒక కొలత కలవు. బోనాల పేరు చెప్పి వారము దినములు కూలి మానుకొని త్రాగువానికి ఈ మూడును లేవు. వాడు సాకను సాకుగా చేసికొన్నవాడు. అట్టివానికి అమ్మవారి పేరు అడ్డు పెట్టుకొననీయక పోవుట భక్తుల విధి.

మన ధర్మశాస్త్రములు సురాపానమును పంచ మహాపాతకములలో చేర్చినవి. అయిదవ పాతకముగా అట్టి పాపుల సాంగత్యమును చెప్పినవి. సాంగత్యము నొక ప్రత్యేక దోషముగా ఎంచుటలోనే, మనిషి ఒంటరిగా చెడడు, కూటమిలో చెడునను ఎరుక కనబడుచున్నది. అయితే దీనికి రోగిని వెలివేయుడని అర్థము చెప్పరాదు. త్రాగుటలో తోడు పోవలదు, మానుటలో తోడు విడువవలదు అని నేటి కాలమునకు మనము గ్రహింపవలెను.

మనస్సు చెప్పు సమాధానములు

ఇక రెండవ వైపు చూతము. ఒకే ఊరిలో, ఒకే ఆచారములో పెరిగిన అన్నదమ్ములలో ఒకడు చెడుచున్నాడు, ఒకడు నిలుచుచున్నాడు. వంశపారంపర్యముగా వచ్చు దేహతత్త్వమునకును, ఏ వయస్సున ఆరంభించెననుదానికిని ఇందు పాలున్నదని వైద్యశాస్త్రము చెప్పుచున్నది. వానితోబాటు త్రాగువాని మనస్సు అల్లుకొను సమాధానములును కలవు. వానిలో నాలుగింటిని విచారింతము.

"ఒళ్ళు నొప్పులకు, నిద్ర పట్టడానికి తాగుతున్నాను" అనునది మొదటిది. పగలంతయు మూటలు మోసినవాని నొప్పి నిజమైనదే, దానిని పరిహసింపరాదు. కాని మద్యము త్వరగా కునుకు పట్టించినను రాత్రి రెండవ భాగములో నిద్రను చెడగొట్టును. తెల్లవారుసరికి అలసట తీరదు. నిత్యపానము ముదిరినపుడు ఉదయము చేతులు వణకును. ఆ వణకు తగ్గుటకు మరల త్రాగును. నొప్పికి మందనుకొన్నదే నొప్పిని పుట్టించు స్థితి వచ్చును.

"నా కష్టార్జితం, నా ఒళ్ళు, నా ఇష్టం" అనునది రెండవది. ఆ కష్టార్జితములో పిల్లవాని పుస్తకములు, తల్లి కంటి ఆపరేషను, ఇంటి అద్దె కలిసియున్నవి. ఇక ఒడలి మాటకు వచ్చినచో, మద్య పానీయములు క్యాన్సరు కలిగించునవని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధనా సంస్థ 1988లోనే నిర్ధారించినది. ఇంత వరకు త్రాగినచో ఆరోగ్యమునకు హానిలేదని చెప్పదగిన పరిమితి లేదని 2023 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించినది.

"కావాలంటే రేపే మానేస్తాను" అనునది మూడవది. ఇది మిక్కిలి మోసకరమైనది. ఏలయనగా ఈ మాట పలికినప్పుడెల్ల మానినంత తృప్తి కలుగును. ఆ తృప్తితోనే ఈ దినము గడచిపోవును.

"నేను ఇక బాగుపడను, నా పేరు ఎప్పుడో పోయింది" అనునది నాలుగవది. మొదటి మూడును అహంకారమునుండి పుట్టినవి. ఇది అవమానమునుండి పుట్టినది. దీనిని వానికి నేర్పినది మనమే. అత్తవారింట, పనిచోట, వీధిలో నూరుసార్లు "వీడు మారడు" అని విన్నవాడు నూట యొకటవసారి తానే ఆ మాట అనుకొనును. లోకాచారము మనోభావముగా మారు చోటు ఇదియే.

గీత రెండవ అధ్యాయములో భగవానుడు పతన క్రమమును మెట్టు మెట్టుగా చూపినాడు. విషయమును గూర్చిన తలపు మొదటి మెట్టు, బుద్ధినాశము చివరి మెట్టు. పైమెట్టున నున్న తలపును త్రోసివేయుట తేలిక. క్రిందికి జారినకొలదియు బలము చాలదు. సాయంకాలము ఏడు గంటలకు దుకాణము ముందు నిలిచి మనస్సును జయింపజూచువాడు చివరి మెట్లమీద పోరాడుచున్నాడు. ఆ వీధికే పోకుండునట్లు సాయంకాలమును మార్చుకొన్నవాడు పైమెట్టుననే గెలిచినవాడు.

దీక్ష నేర్పు పాఠము

బయటి ఆచారమును, లోపలి భావమును ఒక్కసారిగా మారినచో ఏమి జరుగునో తెలిసికొనుటకు మన కన్నుల యెదుటనే యొక నిదర్శనము కలదు. అది అయ్యప్ప దీక్ష. ప్రతి సంవత్సరము కార్తిక మాసమున తెలుగునాట పల్లెపల్లెలో ఎందరో పురుషులు మాలధారణ చేయుచున్నారు. వారిలో అంతకు ముందు దినము వరకు త్రాగినవారును ఉన్నారు. మాల పడిన క్షణమునుండి నలుబది యొక్క దినములు వారు చుక్క ముట్టరు. దుకాణము ఎచ్చటనున్నదో అచ్చటనే యున్నది. జేబులో డబ్బున్నది. ఒడలి నొప్పులున్నవి. అయినను త్రాగుట లేదు. మారినదేమి?

మొదట పేరు మారినది. నిన్నటివరకు "ఒరే" అని పిలిచినవారు నేడు "స్వామీ" అని చేతులు జోడించుచున్నారు. భార్యయు, చిన్న కూతురును అట్లే పిలుచుచున్నారు. తనను లోకము చూచు చూపు మారగా తనను తాను చూచుకొను చూపును మారినది. రెండవది, దినచర్య మారినది. తెల్లవారుజామున చన్నీటి స్నానము, పూజ, నేలపడక. త్రాగుటకు అలవాటైన సాయంకాలము భజనతో నిండిపోయినది. మూడవది, కూటమి మారినది. గురుస్వామియు, తోటి స్వాములును కలిసి భుజించుచు, కలిసి శరణుఘోష పలుకుచున్నారు. నాలుగవది మిక్కిలి ముఖ్యమైనది. త్రాగుడు మిత్రులు కూడ "స్వామి మాలలో ఉన్నాడు, అడగొద్దు" అని తామే తప్పుకొనుచున్నారు. పోయుమని బలవంతము చేయుట అప్పుడు తప్పు; పోయకుండుటయే మర్యాద. వ్రాయబడని చట్టము ఒక మనిషి విషయములో నలుబది యొక్క దినములు తలక్రిందులైనది.

భవానీ దీక్ష, శివదీక్ష, హనుమద్దీక్షలలోను ఇదే చూచుచున్నాము. "వాడు మానలేడు" అను మాట అబద్ధమని ఈ దీక్షలు ఏటేట నిరూపించుచున్నవి.

కాని ఇరుముడి సమర్పించి, కొండ దిగి, ఊరు చేరి మాల తీసిన మరునాడు కొందరి ఇండ్లలో ఏమి జరుగుచున్నదో గృహిణులకు తెలియును. "ఇన్నాళ్ళు ఆగాం, ఇక చాలు" అని మిత్రులు వాకిట నిలుతురు. "స్వామీ" అని పిలిచిన నోళ్ళు మరల "ఒరే" అని పిలుచును. తెల్లవారుజామున లేచుట పోయినది, భజన పోయినది, గురుస్వామి తన పనిలో పడినాడు. నిలబెట్టిన నాలుగు స్తంభములను ఒక్క దినమున తీసివేసి కప్పు నిలువలేదని వగచుట ఏమి న్యాయము? దోషము దీక్షలో లేదు. నలుబది రెండవ దినమును గూర్చి ఆ మనిషియు ఆలోచింపలేదు, మనమును ఆలోచింపలేదు. దీక్షను కొందరు వ్రతముగా గాక విరామముగా ఎంచుచున్నారు. "సంవత్సరానికి నలభై రోజులు మానుతున్నాను, కాబట్టి నాకు వ్యసనం లేదు" అని ఆ నలుబది దినములనే క్రొత్త సాకుగా చేసికొనుచున్నారు.

ఇచ్చట నొక హెచ్చరిక అత్యవసరము. చాలకాలముగా ప్రతిదినము అధికముగా త్రాగుచున్నవాడు మాల వేసికొన్న నాడు ఒక్కసారిగా మానివేయుట ప్రాణాపాయము కావచ్చును. మానిన 6 నుండి 24 గంటలలో వణకు, చెమట, గుండెదడ కలుగును. కొందరికి మొదటి రెండు దినములలో ఫిట్స్ వచ్చును. రెండు మొదలు నాలుగు దినముల నడుమ మతి తప్పి లేనివి కనబడుట, వినబడుట సంభవించును. దీనిని దీక్షాదోషమనియో, స్వామి ఆగ్రహమనియో భావించి ఇంట ఉంచరాదు. వెంటనే ఆసుపత్రికి తీసికొని పోవలెను. అట్టివారు మాలధారణకు కొన్ని వారములు ముందుగనే వైద్యుని సంప్రదించి, వారి పర్యవేక్షణలో మాని, పిమ్మట దీక్ష స్వీకరించుట ఉత్తమము. గురుస్వాములు మాల వేయుటకు పూర్వము ఈ ప్రశ్న అడుగుట మంచిది. ఔషధము సేవించుట భక్తికి విరోధము కాదు.

నెల్లూరు సీమ స్త్రీలు

ఒక మనిషికే గాక యొక ప్రాంతమునకే ఆచారము మారుట సాధ్యమా? సాధ్యమేనని తిక్కనగారి నెల్లూరు సీమయే చూపినది. ఆ జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమము జరుగుచున్న కాలమున, సారావలన సంసారము చితికిన సీతమ్మ అను స్త్రీ కథ పాఠ్యపుస్తకములో నుండెను. చదువు నేర్చుటకు కూడిన స్త్రీలు ఆ పాఠములో తమ ఇండ్లనే చూచుకొనిరి. 1992లో దూబగుంట గ్రామ స్త్రీలు రోశమ్మ మొదలగువారి పూనికతో తమ ఊరి సారా దుకాణమును మూయించిరి. ఆ వార్తయు పాఠముగా అచ్చుపడి ఊరూర చదువబడెను. ఉద్యమము జిల్లా దాటి రాష్ట్రమంతటను వ్యాపించెను. సారా పాటలు నిలిచిపోయినవి. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమున సారా నిషేధింపబడెను. 1995 జనవరి 16 నుండి సంపూర్ణ మద్యనిషేధము అమలులోనికి వచ్చెను. 1997లో అది సడలింపబడెను.

ఈ చరిత్రను కొందరు ఓటమిగా చెప్పుదురు. మాకట్లు తోచదు. దూబగుంట స్త్రీలు చేసిన ప్రథమ కార్యము చట్టము కాదు. అంతవరకు ప్రతి స్త్రీయు తన ఇంటి గుట్టని దాచుకొన్న బాధను నలుగురిలో చెప్పుకొనిరి. ఒక్క ఇంటి సిగ్గు ఊరి సమస్యగా మారిన దినముననే ఆ వ్రాయబడని చట్టము తిరుగబడినది. సారా అమ్ముట గౌరవము కాదని, దెబ్బలు తినుట విధి కాదని ఊరు ఒప్పుకొన్నది. పై నుండి వచ్చిన నిషేధమునకు సరిహద్దుల దొంగరవాణాయు, ఆదాయమును గూర్చిన చింతయు అడ్డుపడినవి. విందులలో, పెద్దల ఇండ్లలో సీసాకున్న గౌరవము మాత్రము చాలచోట్ల అట్లే నిలిచియుండెను. ద్వారక చాటింపు వలెనే చట్టము ముందు నడచెను, ఆచారము వెనుకబడెను. మద్యనిషేధమునకై యత్నింపవలెనని రాజ్యాంగము 47వ అధికరణములో రాజ్యమునకు నిర్దేశించియే యున్నది. రాజ్యము చేయవలసినది రాజ్యము చేయుగాక. మన ఇంటి వాకిట జరుగునది మాత్రము మన చేతిలోనే యున్నది.

మనము చేయదగినవి

మొదటిది, సందర్భములను శుభ్రపరచుట. మన ఇంట జరుగు పెండ్లిలో, గృహప్రవేశములో, దినకర్మలో మద్యము ఉండదని శుభలేఖ పంచునపుడే పెద్దలు చెప్పవలెను. ఒక ఇంటివారు చెప్పిన లోభి అందురు. పది ఇండ్లవారు కలిసి చెప్పినచో అది కట్టుబాటగును. ఒకడు వద్దన్నపుడు రెండవమారు అడుగకుండుట మర్యాదగా ఎంచవలెను. పిల్లలను సీసాలకును, సోడాలకును పంపరాదు.

రెండవది, దాచుట మానుట. భర్త పనికి పోలేనపుడు "జ్వరం" అని అబద్ధమాడి, అతని అప్పులు రహస్యముగా తీర్చి, పడిన గాయములకు కారణము మార్చి చెప్పు భార్య పతిభక్తితోనే అట్లు చేయుచున్నది. కాని ఆ కప్పిపుచ్చుటవలన వ్యసనమునకు ఆయువు పెరుగుచున్నది. ఆమెను తప్పుపట్టుటకు గాక, ఆమె మాట వినుటకు ఆడపడుచులు, అత్తమామలు, ఇరుగుపొరుగువారు సిద్ధపడవలెను. చేయి ఎత్తిన దినమున మత్తు సాకు కాదని పెద్దలు వాని ముఖముననే చెప్పవలెను.

మూడవది, రోగిని రోగిగా చూచుట. మత్తులో నున్నపుడు బోధింపబూనుట వ్యర్థము. తెల్లవారి, మత్తు దిగిన వేళ, ఒక్కరే కూర్చుండి, జరిగినదానిని జరిగినట్లు నిదానముగా చెప్పవలెను. వైద్యమున్నదని, తాము వెంట వత్తుమని చెప్పవలెను. అన్నములో రహస్యముగా కలుపు మాన్పుడు మందుల జోలికి పోరాదు. డైసల్ఫిరామ్ వంటి ఔషధము వానికి తెలియకుండ ఇచ్చి, వాడు ఆపైన త్రాగినచో ప్రాణమునకే ముప్పు. ప్రభుత్వ ఆసుపత్రుల మానసిక వైద్య విభాగములలో చికిత్స లభించును. వ్యసన విముక్తికై 14446, మానసిక ఆరోగ్య సలహాకై టెలీమానస్ 14416 అను ప్రభుత్వ ఉచిత ఫోను సంఖ్యలు కలవు. 1935లో అమెరికాలోని ఆక్రన్ నగరమున ఇద్దరు త్రాగుడు బాధితులు ఒకరికొకరు తోడై ప్రారంభించిన ఆల్కహాలిక్స్ ఎనానిమస్ సంఘపు కూటములు మన దేశపు నగరములలోను జరుగుచున్నవి. ఇట్టివారు ఒకచోట కూడి ఉన్నదున్నట్లు చెప్పుకొనుట యొక విధమైన సత్సంగమే.

నాలుగవది, నలుబది రెండవ దినమును ముందుగనే సిద్ధపరచుట. మాల తీసిన సాయంకాలము ఆ స్వామి ఎచ్చట నుండవలెను? ఏ ఇంట భోజనము చేయవలెను? మరునాటి ఉదయము ఎవరితో నడచి గుడికి రావలెను? ఇవి గురుస్వామియు, ఇంటివారును మాల తీయుటకు ముందే నిర్ణయింపవలెను. భజన మండలులు వారమునకొక సాయంకాలము ఏడాది పొడవునను కూడవలెను. మాల తీసినను "స్వామీ" అని పిలుచుట మానకుందురుగాక! ఖర్చులేని ఆ పిలుపు ఎన్నో ఔషధములకు తోడుపడును.

అయిదవది, తప్పటడుగునకు చోటిచ్చుట. మానినవాడు మూడు నెలలకో, ఆరు నెలలకో మరల త్రాగవచ్చును. వ్యసన చికిత్సలో ఇది తరచుగా సంభవించునదే. "చూశావా, చెప్పలేదా" అని అందుముగాక, ఆ ఒక్క మాటతో వాడు ఇంతకుముందు చెప్పిన నాలుగవ సమాధానమునొద్దకే, అనగా నేనిక బాగుపడనను నిరాశయొద్దకే చేరును. ఎన్ని దినములు నిలిచెనో లెక్కించి చెప్పి, మరునాడే వైద్యునియొద్దకు తోడ్కొని పోవలెను.

ఇక త్రాగుడును విడువజూచు సోదరులకు రెండు మాటలు. లోకము మారువరకు వేచియుండకుడు. తన మనస్సే తనకు బంధువనియు, తన మనస్సే తనకు శత్రువనియు గీతాచార్యుడు ఆరవ అధ్యాయమున బోధించినది ప్రత్యేకముగా మీ కొఱకే అనుకొనుడు. అట్లని ఒంటరిగా పోరాడవలెనని వ్రతము పట్టకుడు. అర్జునుడంతటివాడు సంకటము వచ్చినపుడు విల్లు క్రింద పెట్టి, నాకు తోచుటలేదు, చెప్పుమని అడిగెను. అడిగినందువలన అతని గౌరవము తగ్గలేదు.

రాబోవు నెలలలో మనలో ఎందరి ఇండ్లలోనో శుభకార్యములు జరుగనున్నవి. బంధువులలో ఎవరో యొకరు మీ ప్రక్కకు వచ్చి "మగపెళ్ళివారికి ఏమైనా ఏర్పాటు ఉందా?" అని మెల్లగా అడుగుదురు. ఆ క్షణమున మీరిచ్చు సమాధానమును ప్రక్కనున్న పిల్లవాడొకడు వినుచుండును. "మా ఇంట ఆ పద్ధతి లేదు బావగారూ, భోజనానికి రండి" అని నవ్వుచు చెప్పగల ధైర్యమును శ్రీస్వామివారు మనకందరకును అనుగ్రహింతురుగాక!

స్వస్తి.